తోకచుక్కకు తన పేరిచ్చిన హైదరాబాదు బిడ్డ



1965వ సంవత్సరం అక్టోబరు ఆఖరులోను, నవంబరు మొదట్లోను తెల్లవారుజామున నిద్ర లేచి ఆకాశం వైపు చూసినవారు ఒక వింతను చూశారు. శాలిబండలో ఏ డాబా ఎక్కి నిలబడినా తూర్పు ఆగ్నేయ దిక్కున, సూర్యుడు రావడానికి గంటన్నర ముందే, తెల్లని పొడుగాటి వెలుగు ఒకటి ఏటవాలుగా పైకి లేచేది. ముందు తోక వచ్చేది, ఆ తర్వాతే తల. సూర్యుని దగ్గరకు పోయి వెనుదిరిగిన తోకచుక్కల ధోరణే అంత. వాటి తోక ఎప్పుడూ సూర్యునికి ఎదురు దిక్కుకే చాస్తుంది. సూర్యుడింకా నేల కింద ఉన్న వేళ తోక ఆకాశంలో పైకే నిలుస్తుంది. తలవైపు ప్రయాణిస్తూ తోకను వెనుక ఈడ్చుకుపోతుందని మనం అనుకుంటాం గాని, సూర్యుని నుండి దూరమయ్యే రోజుల్లో అది తోకను ముందు పెట్టుకునే పోతుంది.

ఆ తోకచుక్క పేరు ఇకెయా–సెకి. 1965 సెప్టెంబరు 18న జపాను దేశంలో ఇద్దరు సామాన్యులు పదిహేను నిమిషాల తేడాతో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా దానిని కనుగొన్నారు. ఒకరు పియానో కర్మాగారంలో పనివాడు, మరొకరు గిటారు నేర్పే మాస్టారు. అక్టోబరు 21న అది సూర్యుని ఉపరితలానికి సుమారు నాలుగున్నర లక్షల కిలోమీటర్ల దూరంలో నుండి దూసుకుపోయింది. మనకూ చంద్రునికీ మధ్య దూరం 3,84,000 కిలోమీటర్లని గుర్తుంచుకుంటే అది ఎంత సాహసమో అర్థమవుతుంది. ఆ వేడికి దాని తల ముక్కలైంది. అయినా బతికి బయటపడి, పది కోట్ల కిలోమీటర్లకు పైబడిన తోకతో వేకువ ఆకాశంలో వెలిగింది. ఇరవయ్యవ శతాబ్దంలో అంత ప్రకాశవంతమైనవి వేళ్ళమీద లెక్కించవచ్చు.

పాతబస్తీలో దానిని దుమ్‌దార్ సితారా అంటారు. మన పల్లెల్లో తోకచుక్క, పండితులకు ధూమకేతువు. పేరేదైనా భయం ఒకటే. రాజులకు గండమనీ, కరవనీ, యుద్ధమనీ అనుకోవడం రివాజు. ఆ యేడు సెప్టెంబరు 23న పాకిస్తానుతో యుద్ధం ఆగింది. మరుసటి జనవరిలో తాష్కెంటులో ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు మరణించారు. ఈ రెండింటినీ తోకచుక్కకు ముడిపెట్టి చెప్పే పెద్దలు మొన్న మొన్నటి వరకు ఉండేవారు. యుద్ధమైతే తోకచుక్క జనం కంటబడే నాటికే ఆగిపోయిందని ఎవరూ లెక్క చూడలేదు. ఒకదాని తర్వాత వచ్చింది గనుక దానివల్లనే వచ్చిందనడం తర్కశాస్త్రంలో పిల్లలకు మొదటగా నేర్పే దోషం. అయినా మనిషి మనసు తర్కం చదువుకుని పుట్టదు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు దేశమంతా బెదిరిపోతే, అదే యేడు ‘ముత్యాల సరములు’ రాసిన గురజాడ అప్పారావు గారు మాత్రం దాని రాకను మంచికి గుర్తుగా తీసుకున్నారు. అటువంటివారు అరుదు.

మనకు, అంటే ఈ పత్రిక పాఠకులకు, తోకచుక్కతో వేరే పరిచయం ఉంది. క్రిస్మసుకు మన గుడులమీద, ఇండ్లమీద కట్టే నక్షత్రాలకు తోక పెడతాం. మత్తయి సువార్తలో తోక మాటే లేదు. 1301లో హేలీ తోకచుక్క కనిపించిన కొద్ది యేండ్లకు ఇటలీ దేశపు చిత్రకారుడు జొత్తో, పాదువా నగరంలోని ఒక దేవాలయపు గోడమీద జ్ఞానుల ఆరాధనను చిత్రిస్తూ పశువులపాక పైన తోకచుక్కను గీశాడు. భయపెట్టే చుక్కను ఆయన దారి చూపే చుక్కగా మార్చాడు. ఇది ప్రస్తావన వచ్చింది గనుక చెప్పాను. నేను చెప్పదలచినది జొత్తో గూర్చి కాదు.

1965లో జనం భయపడిన ఆ తోకచుక్కను కొడైకెనాల్ వేధశాలలో శ్రద్ధగా పరిశీలించిన శాస్త్రజ్ఞుల పెద్ద ఒకాయన ఉన్నారు. ఆయన పెరిగింది హైదరాబాదులో. చదివింది నిజాం కళాశాలలో. పదహారు సంవత్సరాల ముందే ఒక తోకచుక్కను కనుగొని దానికి తన పేరు వేయించుకున్నవాడు. మనాలి కల్లాట్ వైను బప్పు గారు. ఆయనను గూర్చి మన పిల్లలకు తెలిసింది తక్కువ.

బప్పు గారి కథ చెప్పాలంటే శాలిబండ నుండి ఆగ్నేయంగా కొద్ది దూరంలో ఉన్న ఫిసల్‌బండ నుండి మొదలుపెట్టాలి. అక్కడ 1901లో నవాబు జఫర్ జంగ్ బహదూర్ అనే పైగా వంశపు ప్రభువు తన సొంత ఖర్చుతో ఒక వేధశాల కట్టించుకున్నాడు. ఆ వంశంవారికి ఆకాశమంటే మోజు కాబోలు. వారిలో మరొకరు కట్టిన ఫలక్‌నుమా సౌధం పేరుకే ఆకాశ దర్పణమని అర్థం. అయితే జఫర్ జంగ్ దర్పణంతో తృప్తిపడలేదు. ఇంగ్లండు నుండి 15 అంగుళాల కటకం గల గ్రబ్ కంపెనీ దుర్భిణి తెప్పించాడు. దానికి నిజాం పేరు పెట్టుకోవడానికి అనుమతి పొంది, తన తదనంతరం సర్కారువారు దానిని స్వీకరించాలని కోరాడు. 1907లో ఆయన చనిపోయాడు. 1908లో ప్రభుత్వం దానిని తీసుకుంది. ఆ తర్వాత వేధశాల బేగంపేటకు తరలింది. 1919 నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

ఆ వేధశాల చేసిన ముఖ్యమైన పని ఒకటుంది. 1887లో పారిసులో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశాన్నంతా ఛాయాచిత్రాలు తీసి, నక్షత్రాలకు పట్టిక తయారు చేయాలని తీర్మానించారు. పొలాన్ని మళ్ళుగా విడగొట్టినట్టు ఆకాశాన్ని పట్టీలుగా విడగొట్టి ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీ పంచారు. ఉత్తరాన ఒక పట్టీ వాటికన్ వేధశాలకు వచ్చింది. దక్షిణాన, చిలీ దేశంవారు పూర్తి చేయలేకపోయిన పట్టీ మన హైదరాబాదుకు వచ్చింది. వాటికన్‌లో నలుగురు కన్యస్త్రీలు 1910 నుండి 1921 వరకు గాజు పలకలమీద సూక్ష్మదర్శినితో ఒక్కొక్క చుక్కనే కొలిచి 4,81,215 నక్షత్రాల స్థానాలు నమోదు చేశారు. హైదరాబాదులో ఆ పని దశాబ్దాల పాటు సాగింది. దక్షిణపు పట్టీ అయ్యాక, జర్మనీలోని పోట్స్‌డామ్ వారు వదిలేసిన ఉత్తరపు పట్టీని కూడా భుజాన వేసుకున్నారు. మొత్తం 12 సంపుటాలు, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు. పోపుగారి తోటలోని కన్యస్త్రీలు, నిజాం సర్కారు గుమస్తాలు ఒకరినొకరు ఎరుగకుండానే ఒకే పుస్తకం రాశారన్నమాట. దీనిని తలచుకున్నప్పుడల్లా నాకు ఆనందంగా ఉంటుంది.

ఆ వేధశాలలో సహాయకునిగా పనిచేసిన మనాలి కుకుజి బప్పు గారి ఏకైక కుమారుడే వైను బప్పు. వారిది ఉత్తర కేరళ నుండి వచ్చిన కుటుంబం. పిల్లవాడు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టాడు, హైదరాబాదులో పెరిగాడు. ఇతర పిల్లలకు తండ్రి పగలు కచేరీకి పోయి రాత్రి ఇంటికి వస్తాడు. ఈ పిల్లవాని తండ్రి పని మొదలయ్యేదే చీకటిపడ్డాక. తక్కినవారు తలుపులేసుకుని పడుకునే వేళ ఆ ఇంటివారికి పనివేళ. చీకటి అంటే భయం ఎలా ఉంటుంది? తోకచుక్కంటే భయం ఎక్కడి నుండి వస్తుంది? అందరూ గండమనుకునేది ఆ పిల్లవానికి ఇంటి సంగతి.

నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం చదివే రోజుల్లోనే వెలుగు మారే నక్షత్రాలను పరిశీలించి వ్యాసాలు ప్రచురించారు. హైదరాబాదు తెలిసినవాడు గనుక ఉర్దూ కవిత్వంమీద మక్కువ కూడా అబ్బింది. అది జీవితమంతా విడవలేదు. ఆ కాలం ఎటువంటిదో పెద్దలకు జ్ఞాపకమే. రజాకార్ల అల్లర్లు, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. అవి సద్దుమణిగిన కొద్ది నెలలకే, 1949 మొదట్లో, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో ఇరవయ్యొకటేండ్ల బప్పు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి చేరారు.

ఆరు నెలలు తిరగలేదు. 1949 జూలై 2వ తేదీ రాత్రి ఆయన తీసిన ఛాయాచిత్రపు పలకలో నక్షత్రాల మధ్య ఉండవలసిన చోట లేని మసక మరక ఒకటి కనిపించింది. పలకలమీద మరకలు మామూలే. గాజుమీద దుమ్ము పడవచ్చు, మందు సరిగా అంటకపోవచ్చు. చిన్నప్పటి నుండి పలకలు చూసిన కన్ను గనుక ఇది మరక కాదని పట్టింది. ఆచార్యులు బార్ట్ బాక్ గారు, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకర్క్ ఆ సంగతిని ధ్రువపరచడంలో తోడ్పడ్డారు. అందుకే దానికి బప్పు–బాక్–న్యూకర్క్ తోకచుక్క అని ముగ్గురి పేర్లు పెట్టారు. భారతీయుని పేరుతో ఉన్న తోకచుక్క అది. పసిఫిక్ ఖగోళ సంఘం వారు ఆయనకు డోనహో తోకచుక్క పతకం ఇచ్చారు.

నిజం చెప్పాలంటే అది ఇకెయా–సెకి వంటి మహా ప్రకాశవంతమైన తోకచుక్క కాదు. దుర్భిణి లేనిదే కనబడదు. శాలిబండ డాబా మీద నిలబడి ఎవరూ దానిని చూడలేదు. కక్ష్యను లెక్కకట్టినప్పుడు సూర్యుని ఒకసారి చుట్టి రావడానికి దానికి సుమారు 60,000 సంవత్సరాలు పడుతుందని తేలింది. పేరు పెట్టుకున్నవారు గాని, వారి మనుమలు గాని, ఆ మనుమల భాష మాట్లాడేవారు గాని దానిని తిరిగి చూడబోరు.

ఆ సందర్భంలో ఒక కథ శాస్త్రజ్ఞుల మధ్య చెప్పుకుంటారు. డబ్బిచ్చి పంపింది చదువుకోవడానికి గాని తోకచుక్కలు వెదకడానికి కాదని సర్కారువారు ఆయనను సంజాయిషీ అడిగారట. కచేరీల తీరు తెలిసిన వారెవరూ ఈ కథను నమ్మలేమనరు.

తోకచుక్క ఆయనకు పేరు తెచ్చింది. కాని శాస్త్రలోకంలో ఆయన స్థానాన్ని నిలబెట్టింది మరొక పని. 1952లో డాక్టరు పట్టం పొంది, కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలొమార్ వేధశాలల్లో కార్నెగీ పరిశోధకుడుగా చేరారు. ఆ గౌరవం పొందిన భారతీయులలో ఆయనే ప్రథముడు. ప్రపంచంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల దుర్భిణి అప్పట్లో పాలొమార్‌లోనే ఉండేది. అక్కడ ఓలిన్ విల్సన్ గారితో కలిసి నక్షత్రాల వర్ణపటాలు పరిశీలించారు. నక్షత్రపు వెలుగును పట్టకం గుండా పంపి రంగులుగా విడదీస్తే ఒకచోట కాల్షియం మూలకానికి చెందిన నల్లని చార కనిపిస్తుంది. కొన్ని నక్షత్రాల్లో ఆ నల్లచార నడుమ సన్నని వెలుగు గీత ఉంటుంది. ఆ గీత వెడల్పు ఎక్కువైన కొద్దీ నక్షత్రపు అసలు వెలుగు ఎక్కువని వారు కనిపెట్టారు. దూరాన వెలిగే దీపం ఎంత శక్తిగలదో తెలిస్తే, మనకు కనిపించే వెలుగును బట్టి అది ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చు గదా! అలాగే నక్షత్రాల దూరాలు కొలవడానికి కొత్త గజంబద్ద దొరికింది. 1957లో ప్రచురితమైన ఈ సంగతిని విల్సన్–బప్పు ప్రభావమని నేటికీ పాఠ్యగ్రంథాల్లో చదువుతారు.

అటువంటివాడు అక్కడే ఉండిపోతే అడిగేవారు లేరు. 1953లో స్వదేశానికి తిరిగి వచ్చారు. అప్పటికి మన దేశంలో పెద్ద దుర్భిణులు లేవు. ఉన్నవి పాతవి. హైదరాబాదులోని 15 అంగుళాల గ్రబ్ దుర్భిణి కూడా వాటిలో ఒకటి. కాని ఆయన పని హైదరాబాదులో రాసిపెట్టి లేదు. 1954లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వారణాసిలో నెలకొల్పిన వేధశాలకు పెద్దగా వెళ్ళారు. గంగానదీ మైదానపు దుమ్ములో చుక్కలు సరిగా కనబడవని దానిని 1955లో నైనితాల్ కొండలకు చేర్చారు. 1960లో, ముప్పది మూడేండ్లైనా నిండకముందే, కొడైకెనాల్ వేధశాలకు సంచాలకులయ్యారు. 1899లో స్థాపించిన ఆ కొండమీది వేధశాల సూర్యుని పరిశోధనకు పేరుపడినది. రాత్రి ఆకాశానికి సరైన పనిముట్లు లేక వెనుకబడి ఉండేది.

అక్కడ ఉండగానే 1965లో మనం మొదట చెప్పుకున్న తోకచుక్క వచ్చింది. సూర్యునికి అంత దగ్గరగా పోయిన తోకచుక్కలో మంచూ ధూళీ మాత్రమే కాదు, లోహాలు కూడా ఆవిరవుతాయి. ఉప్పులో ఉండే సోడియం ఆ వేడికి పసుపుపచ్చని వెలుగు చిమ్ముతుంది. వీధుల్లో ఒకప్పటి పసుపు దీపాల వెలుగూ అదే. బప్పు గారు తమ సహచరుడు శివరామన్ గారితో కలిసి తోకచుక్కల తలలో నుండి వచ్చే ఆ సోడియం వెలుగును పరిశీలించారు. దానిని బట్టి సూర్యుని నుండి నిత్యం వీచే కంటికి కనబడని కణాల గాలిని గూర్చి ఏమి తెలుసుకోవచ్చునో 1969లో ఒక వ్యాసంలో వివరించారు. గాలి ఎటు వీస్తుందో పొగను చూసి చెప్పినట్టే ఇది. ఊరి జనం యుద్ధానికి శకునంగా చూసినదానిని ఆయన గాలివాటం చెప్పే గుడ్డపేలికగా చూశారు. మన పెద్దల భయాన్ని నేను ఎగతాళి చేయడం లేదు. తెలియని పెద్ద వస్తువు నెత్తిమీద నిలిచినప్పుడు మోకరిల్లడం మనిషికి సహజం. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు కూడా చదువుకున్నవారే కిటికీలు మూసుకుని ఇండ్లలో కూర్చున్నారు. అదే పూట మన జపాల్–రంగాపూర్ వేధశాలలో దేశవిదేశాల శాస్త్రజ్ఞులు దుర్భిణులు సర్దుకుని ఎదురుచూశారు.

బప్పు గారి మనసులో ఉన్నది ఒకటే కోరిక. పెద్ద దుర్భిణి కావాలి. అది దక్షిణ దేశంలో ఉండాలి, దక్షిణ ఆకాశం కూడా అందేటట్టు. దానిని మనవాళ్ళే చేయాలి. తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు అనే పల్లె దగ్గర అడవి మధ్య స్థలం ఎంచుకున్నారు. 1968లో కొడైకెనాల్ పనిశాలలోనే తయారైన 38 సెంటీమీటర్ల చిన్న దుర్భిణితో అక్కడ పని మొదలైంది. 1972లో జర్మనీ నుండి మీటరు వెడల్పు దుర్భిణి వచ్చింది. అది వచ్చిన యేడే బృహస్పతి ఉపగ్రహమైన గానిమీడ్‌కు పలుచని వాతావరణం ఉన్నదన్న సూచనలు, 1977లో యురేనస్ గ్రహం చుట్టూ వలయాలున్నాయన్న సూచనలు కావలూరులో కూడా దొరికాయి. 1971లో కొడైకెనాల్ వేధశాల భారతీయ ఖగోళ భౌతిక సంస్థగా స్వతంత్ర ప్రతిపత్తి పొందింది, తర్వాత బెంగుళూరుకు చేరింది.

ఇక ఆ పెద్ద దుర్భిణి. అద్దం వెడల్పు 2.34 మీటర్లు, అంటే 92 అంగుళాల చిల్లర. అంతటి గాజు దిమ్మెను నెలలు కాదు, యేండ్ల తరబడి అరగదీయాలి. వెంట్రుకలో వందో వంతుకన్న తక్కువ తేడా వచ్చినా చుక్క చెదిరిపోతుంది. కొని తెచ్చుకుంటే తొందరగా అయ్యేది. అరగదీసే చేతులు మనవి కావాలని ఆయన పట్టుబట్టారు. ఈ పట్టుదలను కొందరు మొండితనమన్నా ఆశ్చర్యం లేదు. ఎందుకంటే దానికి మూల్యం కాలం. ఆ కాలం ఆయన దగ్గర లేకపోయింది.

1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకుంది. ఆ పీఠమెక్కిన తొలి భారతీయుడు. 1982 ఆగస్టులో గ్రీసు దేశంలోని పాత్రాస్ నగరంలో ఆ సంఘపు మహాసభ కూడింది. దేశదేశాల శాస్త్రజ్ఞులు వచ్చి కూర్చున్నారు. అధ్యక్షుడు లేడు. జర్మనీలోని మ్యూనిక్‌లో గుండె శస్త్రచికిత్స జరిగి ఆస్పత్రిలో ఉన్నారు. సభ ఇంకా జరుగుతుండగానే, ఆగస్టు 19న అక్కడే కన్నుమూశారు. యాభై అయిదు సంవత్సరాలు నిండి తొమ్మిది రోజులు. కావలూరులో అద్దం ఇంకా దాని చట్రంలో కూర్చోలేదు.

మోషే నెబో కొండమీద నుండి వాగ్దత్త భూమిని చూసి కన్నుమూశాడని మనం చదువుతాం. ఆయనకు చూడడమైనా దక్కింది.

ఆయన పెంచిన శిష్యులు, పనివారు పని ఆపలేదు. నాలుగేండ్లలోపే దుర్భిణి సిద్ధమైంది. 1986 జనవరి 6న ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ గారు కావలూరు వచ్చి ఆ వేధశాలకూ, ఆ దుర్భిణికీ వైను బప్పు పేరు పెట్టారు. మన కాలెండరు ప్రకారం అది ముగ్గురు జ్ఞానుల పండుగ రోజు కావడం కాకతాళీయం. ఆ దినాల్లోనే హేలీ తోకచుక్క మళ్ళీ ఆకాశంలో ఉంది. ఫిబ్రవరి 9న సూర్యుని చుట్టి, మార్చి నెల వేకువల్లో ఆగ్నేయ దిక్కున కనిపించింది. 1910లో ఉన్నంత ప్రకాశంగా లేదని చాలామంది నిరుత్సాహపడ్డారు.

బేగంపేటలోని పాత నిజామియా వేధశాల ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ ఉంది. దుర్భిణి ఉండిన గుమ్మటం ఆ చెట్ల మధ్య నేటికీ నిలిచి ఉంది. చుట్టూ పెరిగిన దీపాల వెలుగుకు అక్కడ చుక్కలు కనబడడం మానేసి చాలా కాలమైంది. 2024 సెప్టెంబరు ఆఖరులో మరొక తోకచుక్క వేకువ తూర్పున వచ్చినప్పుడు నగరం దీపాల మధ్య నుండి దానిని చూడాలని ప్రయత్నించినవారికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. బప్పు గారి పేరుగల తోకచుక్క అప్పటికే సూర్యుని నుండి డెబ్బది అయిదేండ్ల దూరం పోయింది. ఆయన పేరుతో 2596 సంఖ్యగల చిన్న గ్రహం ఒకటి మాత్రం కుజునికీ బృహస్పతికీ మధ్య తిరుగుతూ ఉంది.